ఒక్క పెన్‌డ్రైవ్‌తో ఏ పీసీ అయినా లేస్తుంది, ఫోన్ ఎందుకు లేవదు?

లైనక్స్ ఇన్‌స్టాలర్ ఉన్న పెన్‌డ్రైవ్ ఒకటి నా బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది. గత పది, పన్నెండేళ్లలో తయారైన దాదాపు ఏ పీసీకి గుచ్చినా అది లేస్తుంది. ప్రాసెసర్ ఇంటెల్‌దా ఏఎండీదా, మదర్‌బోర్డు ఎవరిది, ర్యామ్ ఎంత, డిస్క్ ఏ రకం అని ముందుగా దానికి నేనేమీ చెప్పను. అదే కనుక్కుంటుంది. స్క్రీన్ వెలుగుతుంది, కీబోర్డు పనిచేస్తుంది, చాలాసార్లు వైఫై కూడా దొరికిపోతుంది.

ఇదే పని ఫోన్‌తో చేద్దామని చూడండి. లీనియేజ్‌ఓఎస్ (ఔత్సాహికులు తయారుచేసే ఉచిత ఆండ్రాయిడ్) లాంటి ఆపరేటింగ్ సిస్టమ్, అంటే ఓఎస్, వేయాలంటే ముందు మీ మోడల్ పేరు వెతకాలి, ఆ మోడల్ కోసమే విడిగా తయారుచేసిన ఫైలు ఉందో లేదో చూడాలి, ఉంటే అది మీ చేతిలో ఉన్న రకానిదేనా అని మళ్లీ చూడాలి, ఎందుకంటే ఒకే పేరుతో అమ్మిన ఫోన్లలో ఒక దేశంలో ఒక చిప్, ఇంకో దేశంలో ఇంకో చిప్ ఉండటం మామూలే. ఫైలు లేదంటే ఇక అంతే. చిప్ బాగానే ఉంది, స్క్రీన్ బాగానే ఉంది, కానీ దాని మీద కొత్త ఓఎస్ నడిపే దారి లేదు.

డెస్క్‌టాప్ ఓఎస్ పెద్దది, మొబైల్ ఓఎస్ చిన్నది, అందుకే ఈ తేడా అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఆండ్రాయిడ్ అడుగున ఉన్నది లైనక్స్ కెర్నెలే (హార్డ్‌వేర్‌తో నేరుగా మాట్లాడే ఓఎస్ మూలభాగం), నా పెన్‌డ్రైవ్‌లో ఉన్నదీ లైనక్స్ కెర్నెలే. ఐఫోన్ ఐఓఎస్, మ్యాక్ఓఎస్ రెండూ ఒకే డార్విన్ పునాది మీద కట్టినవి. తేడా అంతా ఓఎస్ కింద, హార్డ్‌వేర్ తనను తాను ఎలా పరిచయం చేసుకుంటుంది అన్న దగ్గర ఉంది. పీసీలో ఆ పరిచయానికి అందరూ ఒప్పుకున్న పద్ధతి ఒకటుంది, ఫోన్‌లో లేదు. ఆ పద్ధతి పెట్టడం సాంకేతికంగా అసాధ్యమేమీ కాదు, పెట్టకూడదనుకున్నారు కాబట్టి లేదు, ఇదే నా వాదన.

పీసీకి ఆ పద్ధతి ఎలా వచ్చిందో చూస్తే కాస్త అదృష్టం కూడా కనిపిస్తుంది. 1981లో ఐబీఎం తన పీసీని తొందరగా బయటికి తేవాలని బజారులో దొరికే భాగాలతోనే కట్టింది. ప్రాసెసర్ ఇంటెల్‌ది, ఓఎస్ మైక్రోసాఫ్ట్ వాళ్ల డాస్. ఐబీఎం సొంతమని గట్టిగా చెప్పుకోదగ్గది బయాస్ ఒక్కటే, అంటే మెషిన్ ఆన్ చేయగానే నడిచి ఓఎస్‌ను లేపే ప్రోగ్రాం. 1982లో కాంపాక్ ఆ బయాస్‌ను కాపీ కొట్టకుండానే, అదే ప్రవర్తన ఉండేలా మళ్లీ మొదటి నుంచి రాయించుకుని ఐబీఎంతో సరిపోయే పీసీని ప్రకటించింది. ఆ తర్వాత ఫీనిక్స్ లాంటి కంపెనీలు అలాంటి బయాస్‌నే ఎవరికి కావాలంటే వాళ్లకు అమ్మాయి. అక్కడితో పీసీ ఒక కంపెనీ చేతిలోంచి జారిపోయింది. పదుల కొద్దీ తయారీదారులు, ఒకే ఓఎస్. వాళ్లలో ఎవరి మెషిన్ మీద డాస్ లేవకపోయినా ఆ మెషిన్ అమ్ముడుపోదు, కాబట్టి అందరూ ఒకే తీరుకు కట్టుబడక తప్పలేదు.

అలాగని మొదటి నుంచీ అంతా సాఫీగా ఏమీ లేదు. సౌండ్ కార్డు పెట్టాలంటే బోర్డు మీద చిన్న జంపర్లు మార్చి, ప్రాసెసర్‌ను పిలవడానికి ఏ ఐఆర్‌క్యూ నంబర్ ఖాళీగా ఉందో చూసుకోవాల్సిన రోజులు అవి. 1992లో పీసీఐ అనే బస్సు, అంటే భాగాలను మదర్‌బోర్డుకు కలిపే ఉమ్మడి దారి, వచ్చాకే ఆ తలనొప్పి తగ్గడం మొదలైంది. పీసీఐ బస్సు మీద కూర్చున్న ప్రతి భాగానికీ తయారీదారు నంబర్ ఒకటి, పరికరం నంబర్ ఒకటి ఉంటాయి. ఓఎస్ వరుసగా ఒక్కో స్థానాన్నీ అడుగుతూ పోతే, అక్కడ ఏదైనా ఉంటే తన నంబర్ చెబుతుంది. ఇంటెల్ నంబర్ 8086 అని చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది, ఆ వంశానికి మూలమైన ప్రాసెసర్ పేరే వాళ్ల గుర్తింపు నంబర్ అయింది. 1996లో వచ్చిన యూఎస్‌బీ ఇదే ఆలోచనను బయటి పరికరాలకు తెచ్చింది, అదే ఏడాది ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ప్రకటించిన ఏసీపీఐ పవర్ బటన్, బ్యాటరీ, ఫ్యాన్ లాంటి, బస్సు మీద కనిపించని వాటిని కూడా ఫర్మ్‌వేరే (బయాస్ లాంటి, హార్డ్‌వేర్‌లోనే ఉండే ప్రోగ్రాం) ఒక పట్టికలో రాసి ఓఎస్‌కు ఇచ్చేలా చేసింది. తర్వాత బయాస్ స్థానంలోకి అదే పని చేసే కొత్త ప్రమాణం యూఈఎఫ్‌ఐ వచ్చింది. నా పెన్‌డ్రైవ్ ఏ మెషిన్ మీదైనా లేస్తుందంటే ఈ ఒప్పందాలన్నీ దాని వెనక ఉన్నాయి.

ఇక ఫోన్ లోపలికి వెళ్దాం. అందులో ఉన్నది ఒక ఎస్ఓసీ, అంటే ప్రాసెసర్, గ్రాఫిక్స్, మోడెమ్, కెమెరా సిగ్నల్ చూసే భాగం, వీడియో భాగం, అన్నీ ఒకే చిప్‌లో. వీటిలో చాలావాటికి అడిగితే పలికే గుణం లేదు. ఫలానా మెమరీ చిరునామా దగ్గర టచ్ కంట్రోలర్‌తో మాట్లాడే లైను ఉంది, ఫలానా పిన్ ఎత్తితే స్క్రీన్‌కు కరెంటు వెళ్తుంది, ఇవన్నీ ఓఎస్‌కు ముందే ఎవరైనా రాసి ఇవ్వాలి. పొరపాటు చిరునామాలో రాస్తే ఏమీ జరగకపోవచ్చు, మెషిన్ బిగుసుకుపోవచ్చు, అంతకన్నా ఘోరమైనదీ జరగొచ్చు. మొదట్లో ఈ వివరాలను ప్రతి బోర్డుకూ విడివిడిగా కెర్నెల్ కోడ్‌లోనే రాసేవారు. ఆ గందరగోళం ఎంత పెరిగిందంటే 2011లో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్, ఫోన్లలో వాడే ప్రాసెసర్ రకమైన ఆర్మ్ వ్యవహారం మొత్తం మీద కెర్నెల్ డెవలపర్ల ముందే గట్టిగా విసుక్కున్నారు. ఆ తర్వాతే ఆర్మ్ ప్రపంచం డివైస్ ట్రీ వైపు కదిలింది, అంటే బోర్డు వివరాలను కోడ్‌లోంచి తీసి ఒక విడి ఫైలులో పెట్టడం. మంచి అడుగే. కానీ ఆ ఫైలు ప్రతి మోడల్‌కూ వేరుగా ఉండాలి, అది ఎవరో ఒకరు రాయాలి, దాన్ని రాయడానికి కావలసిన వివరాలు తయారీదారు దగ్గరే ఉంటాయి.

ఇక్కడ ఒక విషయం నన్ను మొదటి నుంచీ ఆకట్టుకుంటుంది. అదే ఫోన్‌కు టైప్-సీ హబ్ ఒకటి తగిలించి, దానికి కీబోర్డు, మౌస్, పెన్‌డ్రైవ్ పెట్టండి. చాలా ఫోన్లలో వెంటనే పనిచేస్తాయి, కొన్నిట్లో నెట్‌వర్క్ కేబుల్ కూడా. ఆ కీబోర్డు ఎవరు చేశారో ఆండ్రాయిడ్‌కు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు, తాను కీబోర్డునని ఆ పరికరమే చెబుతుంది. అంటే ఎక్కడ ఒప్పుకున్న ప్రమాణం ఉందో అక్కడ మొబైల్ ఓఎస్ కూడా డెస్క్‌టాప్ అంత సునాయాసంగా హార్డ్‌వేర్‌తో కలిసిపోతోంది. తన ఒంట్లోని స్క్రీన్‌ను గుర్తుపట్టలేని కెర్నెల్, బయటి నుంచి వచ్చిన మౌస్‌ను క్షణంలో గుర్తుపడుతుంది.

"ఆర్మ్ ప్రాసెసర్ అంటేనే అంత" అనే జవాబు నాకు చాలాసార్లు వచ్చింది. దీనికి సర్వర్లే సమాధానం. ఆర్మ్ ప్రాసెసర్లను డేటా సెంటర్లలోకి తేవాలనుకున్నప్పుడు, ఒక్కో సర్వర్‌కు ఒక్కో ఓఎస్ ఫైలు ఇస్తామంటే కొనేవాడు ఎవడూ లేడు. అందుకే 2014లో ఆర్మ్ కంపెనీయే సర్వర్లకు ఒక ఉమ్మడి ప్రమాణం ప్రకటించింది, ఆ సర్వర్లలో యూఈఎఫ్‌ఐ, ఏసీపీఐ వచ్చాయి, ఒకే లైనక్స్ ఇన్‌స్టాలర్ వేర్వేరు కంపెనీల ఆర్మ్ సర్వర్ల మీద లేస్తోంది. అదే ఆర్మ్ ఇన్‌స్ట్రక్షన్లు, అదే కెర్నెల్. కొనేవాళ్లు పట్టుబట్టిన చోట ప్రమాణం వచ్చింది. ఫోన్ కొనేవాళ్లం మనం విడివిడిగా ఉంటాం, పట్టుబట్టే బలం మనకు ఎవరూ ఇవ్వలేదు.

ఇంకా స్పష్టమైన ఉదాహరణ 2012లో కనిపించింది. విండోస్ 8 వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ తన ధ్రువీకరణ నియమాల్లో సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం ఉన్న ఓఎస్‌ను మాత్రమే లేవనిచ్చే తాళం) గురించి రెండు రకాలుగా రాసింది. మామూలు ఎక్స్86, అంటే ఇంటెల్, ఏఎండీ రకం పీసీ అయితే యజమాని దాన్ని ఆపుకోగలిగేలా ఉండాలి. ఆర్మ్ మెషిన్ అయితే ఆపడానికి అసలు వీలుండకూడదు. ఒకే కంపెనీ, ఒకే ఏడాది, ఒకే ఓఎస్ తరం. విండోస్ ఆర్‌టీ నడిచిన సర్ఫేస్ ఆర్‌టీ లాంటి ట్యాబ్లెట్లు ఆ నియమం కింద వచ్చాయి, మైక్రోసాఫ్ట్ వాటిని వదిలేశాక అధికారికంగా వాటి మీద ఇంకేదీ వేసుకోవడానికి లేకుండా పోయింది. అదే ఏడాది కొన్న పీసీ మీద ఈ రోజుకీ కొత్త లైనక్స్ హాయిగా నడుస్తుంది. యాపిల్ దగ్గరా ఇదే కథ. 2020 చివర్లో ఎం1 చిప్‌తో మ్యాక్‌లు వచ్చాయి, 2021లో అదే ఎం1 ఐప్యాడ్ ప్రోలోకి వచ్చింది. మ్యాక్ మీద సొంత కెర్నెల్ బూట్ చేసుకోవడానికి యాపిలే దారి ఉంచింది, ఆ దారిలోనే ఆసాహి లైనక్స్ బృందం పత్రాలేవీ లేకుండా చిప్‌ను తవ్వి తవ్వి అర్థం చేసుకుని 2022లో మొదటి విడుదల ఇచ్చింది. ఐప్యాడ్‌లో ఆ దారి మూసి ఉంది. చిప్ ఒకటే అయినప్పుడు ఈ తేడాకు హార్డ్‌వేర్‌ను కారణంగా చూపించలేం కదా.

పరిచయం ఒక్కటే సరిపోదు, డ్రైవర్ కూడా కావాలి, ఆ డ్రైవర్ ఎక్కడ ఉంటుందన్నది ఇంకా ముఖ్యం. నా దగ్గర ఒక పాత స్కానర్ ఉంది. దాని తయారీదారు 64-బిట్ విండోస్‌కు డ్రైవర్ రాయలేదు, 64-బిట్ విండోస్ ఏమో 32-బిట్ డ్రైవర్‌ను కెర్నెల్‌లోకి రానివ్వదు. దాంతో విండోస్‌లో అది పెట్టెలా పడి ఉండేది. లైనక్స్‌లో మాత్రం సేన్ అనే ఉమ్మడి ప్రాజెక్టులో దానికి కోడ్ ఉంది, కేబుల్ పెట్టగానే పనిచేసింది, ఇప్పటికీ పనిచేస్తోంది. హార్డ్‌వేర్ మారలేదు. ఒకచోట కోడ్ ఒకే కంపెనీ బీరువాలో ఉంది, ఇంకోచోట నలుగురూ బాగుచేసుకునే చోట ఉంది, అంతే తేడా. లైనక్స్ కెర్నెల్ 1985 నాటి 386 ప్రాసెసర్‌ను వదిలిపెట్టింది 2012 చివర్లో. 1991లో తాను పుట్టినప్పటి నుంచి 21 ఏళ్లు దాన్ని మోసింది. ఎవరికో దాని మీద ప్రేమ ఉండి కాదు, కోడ్ కెర్నెల్‌లోనే ఉంది కాబట్టి మిగతా వాటితో పాటు అదీ నడుస్తూ వచ్చింది.

ఫోన్‌లో డ్రైవర్ల ప్రయాణం దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. అసలు కెర్నెల్ నుంచి గూగుల్ ఒక ఆండ్రాయిడ్ కెర్నెల్ తీసుకుంటుంది. దానిలోంచి క్వాల్‌కామ్, మీడియాటెక్ లాంటి చిప్ కంపెనీలు తమ కెర్నెల్ చేసుకుంటాయి. దాని మీద ఫోన్ కంపెనీ తన స్క్రీన్‌కు, ఛార్జర్‌కు, వేలిముద్ర సెన్సర్‌కు కావలసినవి అతికిస్తుంది. ఫోన్ షాపులోకి వచ్చేసరికి ఆ కెర్నెల్ అసలు కెర్నెల్ కంటే రెండు, మూడేళ్లు వెనకబడి ఉండటం మామూలే. లైనక్స్ లోపలి డ్రైవర్ ఇంటర్‌ఫేస్ స్థిరంగా ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వరు, కాబట్టి కెర్నెల్ ముందుకు వెళ్లిన కొద్దీ ఈ అతుకులన్నీ తిరగరాయాలి. చిప్ కంపెనీకి కొత్త చిప్ అమ్మడంలో డబ్బుంది, పాత చిప్‌కు తిరగరాయడంలో లేదు. ఫోన్ కంపెనీ అప్‌డేట్ ఇవ్వడం లేదని మనం తిట్టుకునే సందర్భాల్లో చాలాసార్లు తాళం ఇంకో మెట్టు కింద, చిప్ కంపెనీ దగ్గర ఉంటుంది. ఫెయిర్‌ఫోన్ 2 విషయం చూడండి. 2015లో ఆండ్రాయిడ్ 5తో వచ్చింది, చిప్ తయారీదారు మద్దతు ఆపేశాక కూడా ఆ చిన్న కంపెనీ నానా తంటాలు పడి దాన్ని ఆండ్రాయిడ్ 10 వరకు తీసుకెళ్లింది. ఆ అనుభవం తర్వాత 2023లో ఫెయిర్‌ఫోన్ 5 చేసినప్పుడు వాళ్లు మామూలు ఫోన్ చిప్‌ను పక్కనపెట్టి పరిశ్రమల పరికరాలకు వాడే చిప్ ఎంచుకున్నారు, దానికి మద్దతు ఎక్కువ ఏళ్లు ఉంటుంది కాబట్టి. ఒక ఫోన్ ఎక్కువ కాలం బతకాలంటే ఫ్యాక్టరీ యంత్రాల చిప్ వెతుక్కోవాల్సి రావడం నాకు చాలా బాధగా అనిపించింది.

గూగుల్ ఏమీ చేయలేదని నేను అనను. 2017లో ఆండ్రాయిడ్ 8తో ప్రాజెక్ట్ ట్రెబుల్ తెచ్చి ఆండ్రాయిడ్ భాగాన్నీ చిప్ కంపెనీ భాగాన్నీ విడదీశారు. ఆ తర్వాత వచ్చిన ఫోన్ల మీద ఒకే సాధారణ ఆండ్రాయిడ్ ఫైలు లేవడం మొదలైంది, ఆండ్రాయిడ్ చరిత్రలో నా పెన్‌డ్రైవ్‌కు దగ్గరగా వచ్చింది అదొక్కటే. ఆండ్రాయిడ్ 12తో పాటు 5.10 కెర్నెల్‌తో వచ్చిన ఫోన్ల నుంచి కెర్నెల్ మూలభాగం అందరికీ ఒకటే ఉండి, చిప్ కంపెనీ కోడ్ విడి మాడ్యూళ్లుగా రావాలన్నారు. 2023లో పిక్సెల్ 8కి ఏడేళ్ల అప్‌డేట్‌లు, 2024లో గెలాక్సీ ఎస్24కి ఏడేళ్లు ప్రకటించగలిగారంటే ఈ పునాది పని కూడా కారణమే అని నా అభిప్రాయం. కానీ ఆ విడి మాడ్యూళ్లు ఇప్పటికీ మూసిన పెట్టెలే. ఏడేళ్లు అయ్యాక ఏమిటి అన్న ప్రశ్న ఎక్కడిదక్కడే ఉంది. పైగా ఈ హామీలు ఎక్కువగా ఖరీదైన ఫోన్లకే, జనం ఎక్కువగా కొనే చవక ఫోన్లకు ఇంత కాలం దొరకడం అరుదు.

ఐఫోన్ వాళ్లు ఇక్కడ చేయి ఎత్తుతారని తెలుసు. నిజమే, 2015లో వచ్చిన 6ఎస్ 2021 నాటి ఐఓఎస్ 15 వరకు వెళ్లింది, ఆ రోజుల్లో దాదాపు ఏ ఆండ్రాయిడ్ ఫోన్‌కూ అది కలలో కూడా లేని మాట. చిప్, ఓఎస్, ఫోన్ అన్నీ ఒకే ఇంట్లో తయారైతే డ్రైవర్ కోసం ఎవరినీ బతిమాలుకోనక్కర్లేదు. కానీ ఆ ఇంటివాళ్లు చాలు అనుకున్న రోజున చేయగలిగింది ఏమీ ఉండదు.

ఫోన్ తీరులో నిజమైన లాభాలు ఉన్నాయి, వాటిని కాదంటే అబద్ధమవుతుంది. బ్యాటరీ ముఖ్యమైనది. ఫోన్ జేబులో రోజంతా నిద్రపోతూ, కాల్ రాగానే లేవగలుగుతోందంటే ప్రతి భాగం కరెంటు ఎప్పుడు తీయాలో ఆ ఒక్క మోడల్‌కు కొలిచి రాసి పెట్టడం వల్లే. అందరి హార్డ్‌వేర్‌నూ మోయాల్సిన డెస్క్‌టాప్ ఓఎస్ ఇక్కడ వెనకబడింది, ల్యాప్‌టాప్ మూసి బ్యాగులో పెట్టి, తీసేసరికి వేడెక్కి బ్యాటరీ ఖాళీ అయిన అనుభవం నాకూ ఉంది. కెమెరా కూడా అంతే, సెన్సర్‌కూ లెన్స్‌కూ తగ్గట్టు చేసిన సర్దుబాట్లు సాధారణ డ్రైవర్‌తో రావు. మోడెమ్‌కు రేడియో నియమాలు ఉన్నాయి, దాని ఫర్మ్‌వేర్ ఎవరికి వాళ్లు మార్చేయకూడదు, దాంతో నాకు పేచీ లేదు. వైఫై కార్డులో ఫర్మ్‌వేర్ మూసి ఉన్నా పీసీ మీద లైనక్స్ నడుస్తూనే ఉంది కదా, మోడెమ్‌తో ఎలా మాట్లాడాలో రాసి ఇస్తే చాలు.

భద్రత గురించి చెప్పే మాటతో మాత్రం నేను ఏకీభవించను. బూట్‌లోడర్, అంటే ఫోన్‌లో ఓఎస్‌ను లేపే ప్రోగ్రాం, తాళం తెరిస్తే దొంగలు దూరతారు అంటారు. యజమాని తన సొంత తాళంచెవి పెట్టుకుని మళ్లీ మూసుకునే ఏర్పాటు ఉంటే ఆ భయం చాలావరకు పోతుంది. పీసీ సెక్యూర్ బూట్‌లో అది సాధ్యమే, పిక్సెల్ ఫోన్లలోనూ సాధ్యమే, భద్రత కోసం చేసిన గ్రాఫీన్‌ఓఎస్ అనే ఆండ్రాయిడ్ అలాగే నడుస్తోంది. ఎప్పుడో ఆగిపోయిన సెక్యూరిటీ అప్‌డేట్‌లతో, తాళం మాత్రం గట్టిగా వేసి ఉన్న ఫోన్ ఎవరిని కాపాడుతోంది? తాజా ప్యాచ్‌లు ఉన్న లీనియేజ్‌ఓఎస్ ఫోన్‌లో కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు, కొన్నేళ్లుగా ఏ ప్యాచ్ లేని పాత ఫోన్‌లో మాత్రం తెరుచుకుంటాయి. ఆ యాప్‌లు ముందుగా చేసే పరీక్ష ఫోన్ భద్రంగా ఉందా అని అడగడం లేదు, తయారీదారు ఇచ్చిన స్థితిలోనే ఉందా అని అడుగుతోంది.

నాకు టెన్షన్ పెట్టేది ఏమిటంటే, ఫోన్ పీసీలా మారుతుందని మనం ఎదురుచూస్తుంటే పీసీ ఫోన్ వైపు నడుస్తోంది. విండోస్ 10 వచ్చినప్పుడు 2009 నాటి విండోస్ 7 మెషిన్ల మీద కూడా నడిచింది. 2021లో విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ అడిగింది, ఇంటెల్‌లో దాదాపు 8వ తరం నుంచే అంది, అంటే అప్పటికి నాలుగైదేళ్ల కిందట కొన్న మంచి మెషిన్లు గీత అవతల ఉండిపోయాయి. 2025 అక్టోబరు 14న విండోస్ 10 మామూలు మద్దతు ముగిసింది. సెక్యూర్ బూట్‌ను ఆపుకునే వీలు తప్పనిసరిగా ఉండాలన్న నియమాన్ని కూడా విండోస్ 10 కాలంలోనే తయారీదారు ఇష్టానికి వదిలేశారు. 2024లో వచ్చిన, క్వాల్‌కామ్ ఆర్మ్ చిప్ ఉన్న స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ల్యాప్‌టాప్‌ల మీద లైనక్స్ వేయాలంటే ఒక్కో మోడల్‌కూ ఒక్కో డివైస్ ట్రీ రాయాల్సి వస్తోంది. ఆ ల్యాప్‌టాప్‌లు బాగున్నాయి, బ్యాటరీ అద్భుతం, నాకూ ఒకటి కావాలనిపిస్తుంది. కానీ పెన్‌డ్రైవ్ గుచ్చితే లేవని పీసీలు మెల్లగా మామూలైపోతున్నాయి. అయినా ఇప్పటికీ తేడా ఒకటుంది, విండోస్ 11 కాదన్న ఆ మెషిన్ మీద లైనక్స్ ఏ అనుమతీ అడగకుండా ఎక్కుతుంది, ఎందుకంటే పాత ఒప్పందాలు దానిలో ఇంకా ఉన్నాయి.

యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి అమలైన నియమం ప్రకారం ఒక ఫోన్ మోడల్‌ను మార్కెట్లో పెట్టడం ఆపిన రోజు నుంచి కనీసం ఐదేళ్లు ఓఎస్ అప్‌డేట్‌లు అందాలి. నాకు అది నచ్చింది. దానికి ఇంకో వాక్యం కలిపితే బాగుండేది. అప్‌డేట్‌లు ఆపిన రోజున బూట్‌లోడర్ తెరిచే మార్గం, ఆ మోడల్ డివైస్ ట్రీ, లోపలి ఫర్మ్‌వేర్ ఫైళ్లను ఇతరులు పంచుకునే హక్కు, ఈ మూడూ బయట పెట్టాలి. డ్రైవర్ల కోడ్ మొత్తం ఇవ్వమని కూడా నేను పట్టుబట్టను. 2017లో మొదలైన పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ లాంటి ప్రాజెక్టుల్లో వీటిలో చాలావరకు చేతికి అందకుండానే జనం తమ ఖాళీ సమయంలో పాత ఫోన్లను అసలు కెర్నెల్ మీదకు తెస్తున్నారు. ఒక్కో పిన్ ఊహిస్తూ, ఒక్కో రిజిస్టర్ తడుముతూ చేస్తున్న పని అది. వాళ్లకు కావలసిన డివైస్ ట్రీ ఫైలు తయారీదారు సర్వర్‌లో ఎక్కడో రెడీగా పడి ఉంటుంది.

ఇది జరిగేవరకు కొనేముందు నేను చూసేవి కొన్ని ఉన్నాయి. ఫోన్ అయితే ముందు బూట్‌లోడర్ తెరవనిస్తారా, తెరిచాక సొంత తాళంతో మళ్లీ మూయనిస్తారా అన్నది. తర్వాత చిప్ ఏదో చూసి, దాని కోడ్ అసలు లైనక్స్ కెర్నెల్‌లో ఎంతవరకు చేరిందో వెతుకుతాను, క్వాల్‌కామ్‌వి కొన్ని చిప్‌లు ఈ విషయంలో ఇప్పుడు బాగా మెరుగయ్యాయి. మెగాపిక్సెళ్లు ఆ తర్వాతే. ల్యాప్‌టాప్ అయితే కొనడానికి ముందే, షాపులో ఒప్పుకుంటే, ఆ పెన్‌డ్రైవ్ ఒకసారి గుచ్చి చూస్తాను.